దుప్పటి కప్పిన కుర్చీ

చీఫ్ నాలుగు ముక్కల్లో తేల్చేశాడు. పాత ఎస్టేటు మేడలో ఉదయం పదింబావుకు సైంటిస్టు ప్రసంగం. పదీ ముప్పై అయిదుకల్లా ఆయన్ని లేపేయాలని విదేశీ ముఠా ప్లాన్. కాపాడే పని ఏజెంట్ పదిహేడుది.

"ఇంకో మాట. నెమలి బతికే ఉందని టాక్. కనిపిస్తే అరెస్ట్."

నెమలి అంటే పదిహేడుకి పాత పార్ట్‌నర్. ముఠాలో డబుల్ ఏజెంట్‌గా చేరి, చివరికి ఎవరి పక్షమో తేలకుండానే రెండేళ్ల క్రితం ఈ ఎస్టేటు చెరువులో మునిగిపోయింది. శవం దొరకలేదు. మరణ రిపోర్టు మీద సంతకం పదిహేడుదే. ఆమెను ప్రేమించిన సంగతి మాత్రం అందులో రాయలేదు.

మేడ కట్టించిన వంశంలో ఆఖరి అమ్మగారు తోటతో సహా అంతా జనానికి రాసిచ్చి పోయింది. ఇప్పుడు పచ్చిక మీద పిల్లలు ఆడుతున్నారు, పెద్దలు నడుస్తున్నారు. మైకు మెకానిక్ వేషంలో పదిహేడు లోపలికి అడుగుపెట్టాడు. ప్రతి కిటికీ వెనక ఎవరో తప్పుకుంటున్నట్టు ఉంది. మసకబారిన అద్దంలో బూడిదరంగు గౌను అంచు మెరిసి మాయమైంది. దయ్యాల కథలకు నవ్వే మనిషికి ఆ రోజు నవ్వు రాలేదు.

ప్రసంగం మొదలైంది. పదీ ముప్పై నాలుగు. పువ్వులు తెచ్చిన ముసలి తోటమాలి వేదిక పక్కనే కొయ్యబారిపోయాడు.

"ఆ కుర్చీ ఎవరు కప్పారు బాబూ? అన్నిటికీ దుప్పట్లు వేస్తాం గానీ, కిటికీ పక్కది కప్పం. అమ్మగారు వచ్చి కూర్చుంటారని."

పదిహేడు దుప్పటి లాగాడు. సీటు కింద నల్ల పెట్టె. టైమర్‌లో నలభై సెకన్లు. డిపార్ట్‌మెంట్ వాళ్లు గొప్పగా ఇచ్చిన లేజర్ పెన్ను వెలగనే లేదు. తోటమాలి నడుముకున్న కొమ్మల కత్తెర లాక్కుని ఎర్ర తీగ కత్తిరించాడు. అంకె రెండు దగ్గర ఆగింది. సైంటిస్టు గొంతు సవరించుకుని మాట్లాడుతూనే ఉన్నాడు.

కొత్తవాళ్లెవరో తెలియక కప్పి ఉంటారని పదిహేడు గొణిగాడు. తోటమాలి ఒప్పుకోలేదు. పొద్దున ఈ గదిలోకి వచ్చింది గైడమ్మ ఒక్కతేనట. అమ్మగారి కాలం నాటి గౌను వేసుకుని, ఆ కుర్చీ ఎందుకు కప్పరో నెల రోజులుగా సందర్శకులకు చెప్తున్నది ఆమేనట.

అంటే తెలిసే కప్పింది. బాంబు ఎక్కడుందో అతనికి చూపించడానికే.

కిటికీలోంచి చూశాడు. చెరువు గట్టున బూడిదరంగు గౌను. ఆమె వెనక్కి తిరిగి, తల కాస్త వంచి చూసింది. ఆ వంపు అతనికి తెలుసు. ఆమె ద్రోహి కాదు. ఆ ఒక్క సంగతి కోసం రెండేళ్లుగా నిద్ర లేదతనికి. ఆమె చెట్లలో కలిసిపోయేదాకా అతను కదల్లేదు.

చెవిలో చీఫ్ గొంతు. "గైడ్ పారిపోయిందట. ఎవరది?"

"నెమలి, సార్."

"చూస్తూ నిలబడ్డావా? అరెస్ట్ చెయ్."

పదిహేడు కళ్లు తుడుచుకున్నాడు.

"రికార్డుల్లో ఆవిడ చనిపోయింది సార్. దయ్యాల్ని అరెస్ట్ చేసే సెక్షనేదో చెప్పండి, ఇప్పుడే వెళ్తాను."