టాన్సిల్స్ అని చెప్పండి

"మీటింగంతా ఎక్కడ చూస్తున్నావ్ నువ్వు? సిగ్గుందా?"

అందరూ బయటికెళ్లగానే సహన, టీమ్‌లో కొత్తగా చేరిన లలిత్‌ని కడిగిపారేసింది.

"నీ మెడ చూశాను," అన్నాడు పాపం. "నువ్వు నీళ్ళు తాగినప్పుడల్లా ఏదో గడ్డ పైకీ కిందికీ కదులుతోంది. ప్లీజ్, డాక్టర్‌కి చూపించు."

"అబ్బో, కొత్త రకం లైన్ వేస్తున్నావే!" అని విసురుగా వెళ్లిపోయింది. కానీ ఇంట్లో అద్దం ముందు నిలబడి నీళ్ళు తాగి చూసుకుంది. నిజంగానే కదిలింది.

స్కానింగూ, సూది పరీక్షా అయ్యాయి. థైరాయిడ్ క్యాన్సర్ అన్నారు. ఎలక్ట్రానిక్ సిటీలోని ఆఫీసు నుంచి ప్రతిసారీ లలిత్ తన బైక్ మీద హాస్పిటల్‌కి తీసుకెళ్లాడు. ఒకసారి వానలో, సిగ్నల్ దగ్గర, "తగ్గగానే పెళ్ళి చేసుకుందామా?" అన్నాడు. "ముందు గ్రీన్ పడింది, పోనియ్" అంది సహన. వెనక కూర్చుని ఏడ్చింది. అప్పటికే అతనంటే పిచ్చి ప్రేమ మరి.

చందాపురలో సహన వాళ్ళమ్మ కదిరమ్మది మాత్రం లలిత్‌తో ఒకటే గోల. "ఎవురికీ చెప్పొద్దు అప్పా. టాన్సిల్స్ ఆపరేషన్ అను. మీ అమ్మకి కూడా అంతే. పెండ్లి కావాల్సిన పిల్ల."

లలిత్ సరేనని తలూపాడు. సహనకి కడుపు మండిపోయింది. వాళ్ళమ్మకే చెప్పలేనివాడు రేపు నన్నేం చేసుకుంటాడు?

గడ్డ గొంతు పలికించే నరాన్ని అంటుకుని ఉందన్నారు. ఆపరేషన్ అయితే అయింది గానీ, నోరు తెరిస్తే బొంగురు గుసగుస తప్ప ఏమీ రావట్లేదు.

కొడుకు ఇష్టపడ్డ పిల్లని చూద్దామని అనంతపురంలో బస్సెక్కి వచ్చింది లలిత్ వాళ్ళమ్మ సత్యభామ. టాన్సిల్స్‌కి మంచిదని బస్సు దిగాక కొన్న ఐస్‌క్రీమ్ కప్పులు చేతిలో!

"తిను బిడ్డా, గొంతుకి చల్లగుంటాది."

కదిరమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. లలిత్ తల దించుకున్నాడు. ఇంక సహన వల్ల కాలేదు.

"టాన్సిల్స్ కాదు ఆంటీ," అంది. ఒక్కో మాటా గొంతుని గీరుకుంటూ వచ్చింది. "క్యాన్సర్. మళ్ళీ రావచ్చు. గొంతు ఇట్లనే ఉండిపోవచ్చు. మీవాడంటే నాకు ప్రాణం. కానీ దాచిపెట్టి మాత్రం మీ ఇంటికి రాను."

సత్యభామ కొడుకు వైపు తిరిగింది. "వద్దంటానని దాచినావా రా?"

"అవునమ్మా. భయపడినాను. ఈమె లేకుండా నేనుండలేను."

సత్యభామ సహన మంచం అంచున కూలబడింది. తర్వాత సహన చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుంది.

"ఫోన్లో చెప్పింటే వద్దనేదాన్నే," అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఇంత నొప్పిలో కూడా నాకు అబద్ధం చెప్పని పిల్లని ఎదురుగా పెట్టుకోని, ఇప్పుడెట్ల అనమంటావు రా?"