కంప్యూటర్‌కు కుట్టిన గలీబు

"దీని మీద గుడ్డ ఎవరు కప్పిన్రు?"

ఆదివారం పొద్దున్నే శరణప్ప ఇంటి హాల్లో నిలబడి అమర్నాథ్ వేసిన ప్రశ్నకు వంటింట్లోంచి జవాబు వచ్చింది.

"నేనే. ఏం, సాల్లేదా? దుప్పటి గూడ ఇయ్యాల్నా?"

జవాబు వెనకాలే శరణప్ప కూతురు శివలీల వచ్చింది. చేతిలో చాయ్ కప్పు, జడలో చేమంతి. ఇంకో రోజైతే ఆ చేమంతిని చూసి అమర్నాథ్ అడగబోయిందే మరిచిపోయేవాడు. ఇవాళ మాత్రం అతని కళ్ళు టీవీ తెరను వదల్లేదు. తెర నిండా అడ్డదిడ్డంగా నల్లగీతలు. ఏ మీట నొక్కినా కదలడం లేదు.

"అది రాత్రంత నడుస్తుండె" అన్నాడు నీరసంగా.

"నడుస్తుండెనా? దీపం లేదు, సప్పుడు లేదు, టీవీ గూడ బంద్ ఉన్నది. పడుకున్నదనుకున్న. మా ఇంట్ల పడుకున్న మిషిన్లన్నిటికి గలీబు తొడుగుతం."

అది అబద్ధం కాదు. ఆ ఇంట్లో దిండ్లకే కాదు, రేడియోకూ కుట్టు మిషన్‌కూ గలీబులున్నాయి. టీవీకి కుచ్చులది. శరణప్ప ప్రాణంగా చూసుకునే జపాన్ టేప్‌రికార్డర్‌కు ఎర్ర మఖ్మల్‌ది. అన్నీ శివలీల కుట్టినవే. ఇప్పుడు కంప్యూటర్‌నూ, పక్కన వేడెక్కే దాని కరెంటు డబ్బానూ కలిపి కప్పేట్టు దళసరిగా ఇంకొకటి. దాని మీద పచ్చ దారంతో చెరుకు గెడలు. లోపల ఊపిరాడక ఉడికిపోయిన యంత్రం తెల్లారేసరికి చేతులెత్తేసింది.

అది ఎనభై ఆరో సంవత్సరం. జహీరాబాద్‌లో కంప్యూటర్ అంటే పేపర్లో చదివే మాట. దుబాయ్‌లో ఉండే మేనమామ తెచ్చి ఇవ్వబట్టి అమర్నాథ్‌కు ఒకటి దొరికింది. పలక మీద మీటలు అతికించినట్టుండే ఆ యంత్రానికి తెర లేదు, టీవీ తగిలించాలి. అద్దెకుండే అమర్నాథ్‌కు టీవీ లేదు కాబట్టి అది ఇంటివాళ్ళ హాల్లో చేరింది. టీవీ చూడాలంటే వైరు పీకి యాంటెనా పెట్టుకునేవాళ్ళు. కంప్యూటర్ మాత్రం చడీచప్పుడూ లేకుండా నడుస్తూనే ఉండేది.

"బంద్ జేసి పండొచ్చు గద" అంది శివలీల.

"బంద్ జేస్తే కొట్టిందంత మరిసిపోతది. టేప్‌రికార్డర్ ఉంటే క్యాసెట్‌ల నింపి పెట్టుకోవచ్చు. మీ నాయిన తనదాన్ని ముట్టనియ్యడాయె."

"ఒక్క రాత్రి పండుకుంటే అంత మరిసిపోయేదానికి ఇన్ని గొప్పలెందుకు మరి?"

అమర్నాథ్‌కు నవ్వు రావలసిన మాటే. రాలేదు. చక్కెర ఫ్యాక్టరీ చెరుకు ఆఫీసులో అతను సీజన్ క్లర్కు. ఎవరి చెరుకు ముందు కొట్టాలన్న దాని మీద కోహీర్ వాళ్ళకూ ఝరాసంగం వాళ్ళకూ రోజూ లడాయే. అందరి పేర్లూ, నాటిన తేదీలూ కంప్యూటర్‌కు ఇస్తే వంతు అదే తేలుస్తుందని మేనేజర్ రామ్‌కిషన్‌కు చెప్పాడు. ఆయన సోమవారం పొద్దున ఇంటికొచ్చి చూస్తానన్నాడు. నచ్చితే పక్కా నౌకరి. నచ్చకపోతే సీజన్‌తో పాటే సొంతూరు రాయికోడ్‌కు తిరుగు ప్రయాణం. రాయికోడ్ మంచి ఊరే. అక్కడ శివలీల లేకపోవడమే దాని లోపం.

"నీ గలీబుతోటి నా నౌకరి పోయింది" అనేశాడు.

శివలీల ముఖంలో నవ్వు ఆరిపోయింది. గలీబు మడతపెట్టుకుని, చాయ్ కప్పు అక్కడే పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది.

అన్నీ వింటూ మూలన కందులు ఏరుతున్న శివలీల నాయనమ్మ సంగమ్మ చాట పక్కన పెట్టింది.

"ఓ పిలగా. పక్కింటి శాంతమ్మ తన మిక్సీకి గలీబు కుట్టుమని బతిమిలాడింది. మా పిల్ల కుట్టలె. మన ఇంటిదనుకున్నదానికే కుట్టుతది అది. ఆ చెరుకు గెడలు కుట్టబట్టి దాని వేళ్ళన్ని సూది పోట్లే."

"మరి నా దానికెందుకు కుట్టింది అవ్వా?"

"అంత తెలివి ఉన్నోనివి. సోంచాయించుకో."

అమర్నాథ్ ఆలోచించుకున్నాడు. అందుకు ఎంతోసేపు పట్టలేదు. వంటింటి గడప దాకా వెళ్ళాడు.

"జర ఆ చెరుకు ఆఫీసు కాయితాలు సదువుతవా? నేను కొడుత."

"నౌకరి పోయింది గద" అంది అటు తిరిగే.

"ఇంక పోలె. నువ్వు సదివితే పోదు."

స్విచ్ ఆపి, చల్లారాక వేస్తే యంత్రం బతికింది. కానీ అంతా మొదటి నుంచి కొట్టాల్సిందే. శివలీల చదవసాగింది. ఊరు, పేరు, ఎకరాలు, నాటిన తేదీ. భోజనాల వేళ దాటింది. ఆ రోజు కరెంటు కూడా దయతలిచింది. సాయంత్రానికి ఆమె గొంతు బొంగురుపోయింది.

"రాయికోడ్. అమర్నాథ్. నాటింది కోపం, మూడెకరాలు."

సగం కొట్టాక అతని వేళ్ళు ఆగాయి. ఆమె కాగితం అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"కోపం కాదు. అది భయం" అన్నాడు. "సీజన్ అయిపోతే నిన్ను చూసేది ఉండదని భయం."

ఆమె తరువాతి పేరు చదవబోయి ఊరి పేరు తప్పు చదివింది.

ఆ రాత్రి కంప్యూటర్‌కు గలీబు లేదు. దాని ఎదుట టేబుల్ ఫ్యాను పెట్టారు. చలికాలంలో ఫ్యానేమిటని సంగమ్మ రెండు దుప్పట్లు కప్పుకుని సణిగింది.

తెల్లవారాక కంప్యూటర్ నిక్షేపంగా ఉంది. మేనేజరే రాలేదు. ఆఫీసు ప్యూన్ జగ్గయ్య సైకిల్ మీద వచ్చాడు.

"సార్ ఇంటికి రాడంట. రైతులు ఆఫీసు ముంగట గొడవ జేస్తున్రు. గా మిషిన్‌ను అక్కడికే తెమ్మన్నడు. టీవీ అక్కడ ఉన్నదంట."

అమర్నాథ్ కూలబడ్డాడు. తీసుకుపోవాలంటే స్విచ్ ఆపాలి. ఆపితే శివలీల గొంతు పోగొట్టుకుని చదివినదంతా గాలికి పోతుంది.

హాలు గుమ్మంలో శరణప్ప నిలబడి ఉన్నాడు. ఊరి పక్కన అతనికీ చెరుకు తోట ఉంది, కటింగ్ వంతు కోసం అతనూ ఎదురుచూస్తున్నాడు. కూతురి వైపు చూశాడు. "నాయినా" అని ఏదో అడగబోయింది. బొంగురుపోయిన గొంతులోంచి మాట బయటికి రాలేదు.

శరణప్ప ఎర్ర మఖ్మల్ గలీబు తీసి, గూట్లోంచి టేప్‌రికార్డర్ తెచ్చి అమర్నాథ్ ముందు పెట్టాడు. అందులో రోజూ పొద్దున వినే భజనల క్యాసెట్.

"కొత్త క్యాసెట్ లేదు. దీని మీదనే నింపు."

"పాటలు పోతయి కాకా."

"పాటలు మల్ల నింపిచ్చుకుంట. మా పిల్లతోని మల్ల ఇదంత సదివించకు."

ఆఫీసులో, క్యాసెట్‌లో నింపిన పేర్లను కంప్యూటర్‌కు తిరిగి ఎక్కిస్తూ టేప్‌రికార్డర్ కీచుమంటూ గరగరలాడుతుంటే రైతులు చెవులు మూసుకున్నారు. తన టేపు చెడిపోయిందేమోనని శరణప్ప ముఖం చిన్నబోయింది. అమర్నాథ్ మటుకు తెర వైపే చూస్తున్నాడు.

గోల ఆగింది. తెర మీద పేర్లు వరసగా దిగాయి.

రామ్‌కిషన్ గట్టిగా చదివాడు. "మొదలు, ఝరాసంగం యాదమ్మ. తర్వాత, జహీరాబాద్ శరణప్ప."

అందరూ శరణప్పను చూశారు. పెద్ద రైతు, ఒప్పుకోడనుకున్నారు.

"నా కంటె ముందు నాటింది ఆమె" అన్నాడు శరణప్ప. "ముందు ఆమెదే కొట్టున్రి. మిషిన్ సక్కగనే చెప్పింది."

ఆ మాటతో సగం గొడవ అణిగింది. మిగతా సగం, ఎవరి తేదీ వాళ్ళు తెర మీద చూసుకున్నాక అణిగింది. యాదమ్మ తెరకు దండం పెట్టింది. రామ్‌కిషన్ అమర్నాథ్ భుజం మీద చెయ్యి వేశాడు. "సీజన్ అయినంక గూడ నువ్వు పోవద్దు. పక్కా ఆర్డర్ నేను ఇప్పిస్త" అన్నాడు. అమర్నాథ్‌కు ఫ్యాక్టరీ పొగగొట్టం ఎక్కి కేక పెట్టాలనిపించింది.

సాయంత్రం ఇంటికొచ్చి కంప్యూటర్‌ను దాని చోట పెట్టాడు.

"గలీబు ఏది?"

"ఉడికిపోతదేమో" అంది శివలీల, మిగిలిన కాస్త గొంతుతో.

"క్యాసెట్‌ల ఉన్నది గద. ఇగ రోజూ బంద్ జేస్త. నిమ్మలంగ పండుకుంటది."

ఆమె గలీబు తెచ్చింది. ఇద్దరూ చెరో కొస పట్టుకుని తొడిగారు.

"ఇంటి సామాన్లకే కుట్టుతవా, మనుషులకు కుట్టవా?"

"ఇంటి మనుషులైతే కుట్టుత."

"నన్ను మీ ఇంటోన్ని చేసుకో, శివలీలా. నువ్వంటే నాకు పానం."

ఆమె కళ్ళు చెరుకు గెడల మీదే ఉన్నాయి. "పానం కాకపోతే ఆ సూది పోట్లు ఎందుకు పడుత?" అంది మెల్లగా.

వరండాలోంచి శరణప్ప దగ్గు వినిపించింది. ఇద్దరి చేతులూ గలీబు మీంచి లేచిపోయాయి.

"అమ్మా" అన్నాడు శరణప్ప తల్లితో, లోపలివాళ్ళకు వినబడేట్టుగానే. "వచ్చే ఐతారం రాయికోడ్ పోదాం. ఈ పిలగాని నాయిన ఎంకయ్యతోని మాట్లాడొద్దాం."

"పోదాం తియ్యి" అంది సంగమ్మ కందుల చాట ఎత్తుకుంటూ. "శివలీలా, ఇగ ఆ మిషిన్లకు కుట్టుడు సాలుగని, దిండ్లకు జంట గలీబులు కుట్టుకో బిడ్డ."