కాంటా షెడ్డులో పలికే కారు

బోధన్ దాటినంక పాత చెరుకు కాంటా దగ్గర పొద్దుగూకితే ఎవరూ ఆగరు. బండ్లు తూచే కాలంలో ఒకాయన ఎడ్లబండి కింద పడి సచ్చిపోయిండంట. కాంటా మూతబడ్డా ఆయన బరువు మాత్రం ఇంకా దిగలేదని ఆ జాగకు పేరు.

నేను ఇవన్నీ నమ్మే మనిషిని కాదు. నిమ్మకాయలు తిప్పి కోడిని పట్టుకపోయే మంత్రగాళ్ల కంటే దెయ్యాలే నయం — అవి కోడి అడగవు. కానీ ఇది మా ఊరి పుష్పలత చెప్పింది. ఆమె అబద్ధం ఆడదు. ఈ మధ్య ఏడ్వను కూడా ఏడ్వదు.

ఆ కాంటా రేకుల షెడ్డు ఆమె పెరట్లోనే ఉంది. తలుపుల్లేని షెడ్డు. అందులో మొగుడు మహేష్ కారు. ఆయన నిజామాబాద్ పసుపు యార్డులో ఛాతీ పట్టుకొని కూలి, చనిపోయి నాలుగు నెలలు. వాళ్లలో పూడ్చుడే. ఇష్టమైన వస్తువు పక్కన పెట్టుడు ఆనవాయితీ. ఫోన్ పెట్టాలన్నరు. తల్లి సత్తవ్వ గుడ్డలో చుట్టి తన చేత్తోనే పెట్టింది.

నెల తిరగక ముందే మొదలైంది. పొద్దుగూకంగనే షెడ్డులో కారు పలుకుతుంది —

"మహేష్ ఫోన్ కనెక్టెడ్."

మట్టి కింద ఉన్న ఫోన్...

పాలు పోసే హన్మండ్లు విన్నడు. డబ్బా వాకిట్లో ఇడిసి ఉరికిండు. "అక్కా, అన్న కార్ల కూసున్నడు" అని ఫోన్ చేసి చెప్పిండు. ఎదురుగా వచ్చి చెప్పే ధైర్యం లేదు, మీసాలు మాత్రం ఉన్నయి.

పుష్పలత కారు కంపెనీకి ఫోన్ చేసింది. సాఫ్ట్‌వేర్ పాతదయింది, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకొని ఇంటి దగ్గరే అప్‌డేట్ చేసుకోండి, పాత ఫోన్ల పేర్లన్నీ పోతయి అన్నరు. నలభై నిమిషాలు ఇంజన్ ఆపొద్దు. నడుమ ఆపితే కారు తెర మళ్లీ వెలగదు.

దెయ్యానికి పెన్‌డ్రైవ్ మందు!

ఏడు గంటలకు షెడ్డులోకి పోయింది. చీకటి. సీట్లో కూర్చొని బటన్ నొక్కింది.

"మహేష్ ఫోన్ కనెక్టెడ్."

ఆమె ఉలిక్కిపడలేదు. ఉలిక్కిపడే నరం ఆయనతోనే పోయిందంటది. పెన్‌డ్రైవ్ పెట్టి, 'అవును' నొక్కింది.

పది శాతం... ఇరవై...

తెర నల్లబడ్డది.

ఆ నల్లటి అద్దంలో — వెనక సీట్లో — ఒక మొఖం.

"ఆపు బిడ్డా..."

సత్తవ్వ. పొద్దుగూకితే పక్కింటికి పోతున్న అని చెప్పే అత్త. కొంగుకు కారు రెండో తాళం. ఒళ్లో మహేష్ ఫోన్.

"అత్తమ్మా... గా ఫోన్ బొందల పెడితివి గద?"

"నాది పెట్టిన. నా డబ్బా ఫోను. వానిది నేనెట్ల పెడుదునే? రోజు ఛార్జింగ్ పెడుతున్న, రీచార్జి చేయిస్తున్న. బటన్ నొక్కితే కారు వాని పేరు పిలుస్తది." ముసలామె గొంతు తగ్గించింది. "ఇంట్ల ఎవరు పిలుస్తలేరు గద."

నిజమే. నాలుగు నెలలుగా ఆ ఇంట్లో ఆ పేరు ఎత్తినోళ్లు లేరు.

"ఆపు బిడ్డా. వాని పేరు పోతది."

"ఆపితే కారే పలకదు, అత్తమ్మా."

ఇద్దరూ కూర్చున్నరు. ఇంజన్ గురగుర. శవం దగ్గర కూర్చున్నట్టు కూడా కాదు, బోధన్ బస్సు కోసం కూర్చున్నట్టు.

తెర వెలిగింది. ఏ పేరూ లేదు.

సత్తవ్వ ఫోన్ ముందుకు చాపింది. "మళ్ల ఎక్కియ్యి."

ఆ పేరు తుడవాలనే వచ్చిన పుష్పలత దాన్ని కారుకు మళ్లీ కలిపింది.

"మహేష్ ఫోన్ కనెక్టెడ్."

ముసలామె కళ్లు మూసుకుంది. అప్పుడే — కారంతా రింగు.

తెర మీద పెద్ద అక్షరాలు. తల్లి నంబరుకు మహేష్ పెట్టుకున్న పేరు — 'అవ్వ'.

బొందలో ఉన్న డబ్బా ఫోను నంబరు.

రీచార్జి లేకపోతే నంబరు వేరేవాళ్లకు ఇస్తరని పుష్పలతకు తర్వాత నేనే చెప్పిన. తలూపింది. ఆ వేరేవాళ్లకు మహేష్ నంబరు ఎట్ల తెలుసో మాత్రం నేను చెప్పలేకపోయిన.

రింగు ఆగలేదు. సత్తవ్వకు చదువు రాదు. తెర దిక్కు వంగింది.

"ఎవరు బిడ్డా?"

"నువ్వే, అత్తమ్మా."