ఆగనివ్వని తాళం

పటమటలోని ఆ రికార్డింగ్ స్టూడియోకు కిటికీలు లేవు. బయట సాయంత్రపు వాన జోరుగా కురుస్తున్నా చినుకు చప్పుడైనా లోపలికి రాదు. కొత్త తివాచీ వాసన, చల్లారిన టీ వాసన, అద్దానికి అవతల పాడేవారి గదిలో ఒక చిన్న దీపం. అంతే.

గాయని జీవరత్నం జీవితాన్ని సినిమాగా తీస్తున్నారు. ఆమె కచేరీలకు చిరకాలం వయొలిన్ వాయించినవాణ్ణి గనుక దర్శకురాలు రుచిత నన్నూ పిలిపించింది. జీవరత్నం భర్త మాణిక్యం సాధన పేరుతో ఆమె వెనుక కూర్చుని, ఉంగరంతో కుర్చీ చేతిమీద తాళం వేసేవాడు. అది ఆగేదాకా ఆమె పాట ఆపకూడదు. ఆపితే వీపు చిట్లేది. ఒక ఏడాది గుణదల తిరునాళ్ళ జనంలో కలిసిపోయి ఆమె అతణ్ణి విడిచి వచ్చింది. తరువాత అతడు మరణించాడు. అయినా అతడు నాడు పాడించిన పాటను ఆమె మళ్ళీ పాడలేదు. ఈ సినిమా కోసం ఒప్పుకొన్నది.

“ఈసారి నాకిష్టమైన చోట ఆపుతాను మాస్టారూ,” అన్నది.

సౌండ్ ఇంజినీరు బాబీ హెడ్‌ఫోన్ అందించాడు. లయ తప్పకుండా అందులో టిక్కుటిక్కుమని క్లిక్ వినిపిస్తుంది.

“ఆ క్లిక్ తీసెయ్యి బాబూ.”

“తీస్తే మా కంప్యూటర్ అలుగుతుందమ్మా!”

“అలగనీ. అలిగేవాళ్ళతో కాపురం చేసినదాన్నే.”

మేము ముగ్గురం అద్దానికి ఇవతల కూర్చున్నాము. పల్లవి హాయిగా సాగింది. చరణంలో వేగం పెరిగింది. బాబీ నా వైపు వంగాడు.

“మాస్టారూ... క్లిక్ ఆపేశానండి. మరి అమ్మగారు ఏ తాళానికి పాడుతున్నారు?”

పాట చివరికి వచ్చింది. ఆమె ఆపలేదు. మళ్ళీ పల్లవి... మళ్ళీ చరణం... ఇంకా వేగంగా.

“భలే వస్తోంది, కదిలించకండి,” అని రుచిత గుసగుసలాడింది.

అప్పుడు జీవరత్నం కళ్ళు తెరిచింది. హెడ్‌ఫోన్ లాగి విసిరేసింది. పాట ఆగలేదు. పెదవి చివర సన్నగా నెత్తురు.

బాబీ కరెంటు మెయిన్ స్విచ్ కట్టేశాడు. చీకటి. నేను తడుముకుంటూ ఆమె గదిలోకి వెళ్ళాను.

“చాలమ్మా... చాలు.”

పాటలో పంక్తికీ పంక్తికీ మధ్య ఆమె గొణిగింది. “ఆపమనండి... మాస్టారూ...”

“ఎవరిని?”

పాట ఆమెను మళ్ళీ లాక్కుపోయింది.

అప్పుడు నాకూ వినిపించింది. టక్... టక్... టక్... చాలా దగ్గరగా.

వెనుకనే వచ్చిన రుచిత సెల్‌ఫోన్ వెలుగు నా మీద పడింది.

“మాస్టారూ... మీరెందుకు తాళం వేస్తున్నారండీ?”

వంగి చూసుకున్నాను. నా కుడిచేయి పక్కనున్న కుర్చీ చేతిమీద పడుతోంది. ఎడమచేత్తో గట్టిగా అదిమి పట్టాను.

ఆగలేదు.

జీవరత్నం నన్నే చూస్తూ, ఊపిరి తీసుకుని, పల్లవి అందుకొన్నది.