ఇంటి కారం, మిల్లు కారం

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. మా ఆయన పోయాక, ఊరికే కూర్చోలేక నేర్చుకున్నాను. ఒత్తులు, దీర్ఘాలు అటూ ఇటూ అయితే మన్నించి మీరే సరిచేసుకుని చదవండి. చెయ్యి నెమ్మది, కాబట్టి కథ కూడా నెమ్మదిగానే మొదలవుతుంది. అక్షరాలను ఎంతైనా దిద్దండి. కథను మాత్రం దిద్దకండి.

పెనుబల్లిలో ఆ రోజు ఎండ పొద్దున్నే ఎక్కింది. ఆదెమ్మ వసారాలో పాత చీర పరిచి, కొట్టించుకొచ్చిన మామిడి ముక్కలను గుడ్డతో తుడుస్తోంది. ఆవకాయ పెట్టే రోజు ఆమె ఎవరినీ దగ్గరకు రానివ్వదు. తడి చెయ్యి తగిలితే ఏడాది పచ్చడి బూజు పడుతుందని భయం. కూతురు మనోజ్ఞ ఒక్కదానికే మినహాయింపు. మనోజ్ఞ పక్కన కూర్చుని ముక్కల లోపలి పొర తీస్తూ, ఆవపిండి ఎంత వెయ్యాలని అడిగింది. చూసి వెయ్యడమే, కొలతేంటని తల్లి కసిరింది.

"నీ కండ్లు మా ల్యాబ్‌కు కిరాయికియ్యమ్మా. కాటా కొనే పని తప్పుతది," అంది మనోజ్ఞ.

ఈ మనోజ్ఞ చిన్నప్పుడు బడిలో సుద్దముక్క మీద సిరా చుక్క వేసి నీళ్లలో నిలబెడితే, నల్ల సిరాలోంచి నీలం, ఎరుపు విడివిడిగా పైకి పాకడం చూసింది. ఇంటికొచ్చి అన్నం మాట మరిచి పెట్టెడు సుద్దముక్కలు తడిపేసింది. అప్పటి నుంచి ఆ పిచ్చి వదల్లేదు. వరంగల్‌లో రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసింది. హైదరాబాదులో మందుల కంపెనీలో, మాత్రల్లో ఏముందో పరీక్షించే ఉద్యోగం చేసింది. అక్కడ అన్ని యంత్రాలున్నాయి, ఊళ్లో హోటలు నడిపే మనిషికి తన కూరలో వేసే కారంలో ఏముందో తెలుసుకునే దారి మాత్రం లేదు. ఆ ఆలోచన ఆమెను నిలవనివ్వలేదు. ఉద్యోగం మానేసి, సత్తుపల్లిలో మూతపడిన పురుగుమందుల కొట్టును కిరాయికి తీసుకుని, కారంలో కలిపిన రంగును పట్టిచ్చే కాగితం తయారుచెయ్యడం మొదలుపెట్టింది.

ఊరు నవ్వింది. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు కాగితాలతో కాపురం చేసుకోమని వెళ్లిపోయారు. ఆదెమ్మ చాటుగా ఏడ్చింది గాని మనోజ్ఞ ఏడవలేదు. ఎండకు కాగితాలు చుట్టుకుపోతే మళ్లీ చేసింది. వానాకాలం చెమ్మకు రంగులు అలుక్కుపోతే మళ్లీ చేసింది. చివరికి వేలెడు పొడవు పట్టీ తయారైంది. దాని మీద చిటికెడు కారం పెట్టి, సీసాలోని మందు రెండు చుక్కలు వెయ్యాలి. కారం సొంత రంగు పైకి పాకిపోతుంది. బయటి రంగు కలిపి ఉంటే అడుగున గులాబీ గీత మిగులుతుంది. పేటెంటు వచ్చింది. నవ్వినవాళ్ల ఇళ్ల ఆడపిల్లలే ఇప్పుడు ఆ కొట్టులో పనిచేస్తున్నారు. భద్రాచలం దాటి అడవి ఊళ్ల హాస్టళ్ల దాకా ఆ పట్టీలు పోతున్నాయి.

ముక్కలు తుడవడం పూర్తికాకముందే జీపు వాకిట్లో ఆగింది. మనోజ్ఞ అన్న జయప్రకాశ్, వెనకే తండ్రి చెంచురామయ్య దిగారు. ఆ ఇంటికి సొంత కారం మిల్లుంది. తండ్రీకొడుకులే నడుపుతారు. జయప్రకాశ్ చెప్పులు విడవకుండానే మొదలుపెట్టాడు. బూర్గంపాడు వైపు ఆడపిల్లల హాస్టలు చూసుకునే వార్డెను భీమక్క, తమ మిల్లు కారాన్ని మనోజ్ఞ పట్టీతో చూసిందట. గులాబీ గీత వచ్చిందట. మూటలు వెనక్కి తీసుకుపొమ్మంది, పైగా మిగతా హాస్టళ్లకూ ఫోన్లు చేసిందట.

"మా కొంపకే నిప్పు పెట్టినవ్ కదే," అన్నాడు.

"నేనేం పెట్టలే అన్నా. పట్టీకి ఇంటిపేర్లు తెల్వవ్."

చెంచురామయ్య గొంతు పెంచే మనిషి కాదు. కుర్చీ లాక్కుని కూర్చుని నిదానంగా చెప్పాడు. ఈసారి కల్లంలో ఉన్న మిరపకాయ అకాల వానకు తడిసింది. సగం తెల్లబడి తాలు కాయైంది. అది ఆడిస్తే కారం పాలిపోయి వస్తుంది, ఎర్రగా లేకపోతే ఎవరూ ముట్టరు. కలిపింది కాస్త రంగు, అందరూ కలిపేదే, తినేదేనని అమ్మినవాడే చెప్పాడు. కారం కారమే, రంగు పైపూత.

"భీమక్కకు ఫోన్ చెయ్ తల్లీ. ఈసారి పట్టీలే చెడ్డయని చెప్పు. ఒక్క మాట. రేపటి నుంచి నేను రంగు ముట్ట."

మనోజ్ఞ చేతిలోని మామిడి ముక్క కింద పెట్టింది. ఆ ఒక్క మాట చెబితే ఇక ఆ పట్టీని ఎవరూ నమ్మరు. ఇన్నేళ్ల బతుకు ఆ మాటతో చెత్తబుట్టలో పడుతుంది. చెప్పకపోతే తండ్రి మిల్లు పోతుంది. రెండూ ఆమెకు తెలుసు.

"చెప్పను నాన్నా."

"నువ్వు చదివిన చదువంతా ఆ మిల్లు పెట్టిందే."

"అవ్. చదివించింది నువ్వే. ఆ చదువు అబద్ధమని నాతోటే చెప్పియ్యకు."

జయప్రకాశ్ ఏదో అనబోతే తండ్రి చేత్తో ఆపాడు. ఈ ఇంట్లో మిల్లన్నా ఉండాలి, ఆ కాగితాలన్నా ఉండాలి, తేల్చుకొమ్మన్నాడు. మనోజ్ఞ లేచి లోపలికి వెళ్లింది. బీరువా తలుపు తెరిచిన చప్పుడు, బట్టలు బ్యాగులో కుక్కుతున్న చప్పుడు వసారాలోకి వినిపించాయి.

ఆదెమ్మ అంతసేపూ ముక్కలు తుడుస్తూనే వింది. మిల్లు సంగతులు ఆమెకు ఎవరూ చెప్పరు. ఏటా మొదటి కోతలో మేలైన కాయ ఏరి ఆమెకు ఇస్తారు. ఇంటికి సరిపడా కారం ఆమే దంచి పెట్టుకుంటుంది. మిల్లు కారం ఘాటెక్కువ, మన కడుపులకు పడదని భర్త ఎప్పుడూ అనేవాడు. అది తన మీద ప్రేమ అనుకుంది ఇన్నాళ్లూ. ఇప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది. ముందుగదిలో పెట్టి ఉన్న మిల్లు ప్యాకెట్లలో ఒకటి తెచ్చింది. దాని మీద 'ఆదెమ్మ కారం' అని తన పేరే ఎర్రగా అచ్చేసి ఉంది. మూల చించి, మామిడి ముక్కలున్న పెద్ద బేసిను మీద వంచింది.

చెంచురామయ్య ఒక్క అంగలో వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. కారం ఆయన అరచేతి నిండా ఒలికింది.

"అది వద్దు."

"ఎందుకు? కారం కారమే అన్నవ్ కదా."

"ఇంట్లోది వెయ్. దీపిక తింటది."

దీపిక జయప్రకాశ్ కూతురు. ఇంకా బడికి కూడా పోని పిల్ల. ఆ మాట అన్నాక చెంచురామయ్య నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. జయప్రకాశ్ తల తిప్పుకున్నాడు. గుమ్మంలో బ్యాగుతో మనోజ్ఞ నిలబడింది.

"దీపిక తినొద్దు. భీమక్క దగ్గరున్న పిల్లలు తినొచ్చునా?" అంది ఆదెమ్మ.

చెంచురామయ్య ఆమె చెయ్యి వదిలేశాడు.

"నా పేరు పెట్టి అమ్ముతున్నవ్. నన్ను ఒక్కనాడన్నా అడిగినవా? ఆ మూటలు వెనక్కి రావాలె. వచ్చేదాకా మిల్లుకు నా పేరు లేదు, నీకు నా చేతి కూడు లేదు. బిడ్డను పొమ్మంటే దాని వెనక నేనూ పోత. నన్ను ఆపేటోడు ఎవడో చూస్త."

కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె భర్తతో అంత పొడుగు మాట మాట్లాడి ఎరగదు. చెంచురామయ్య మెట్టు మీద కూలబడ్డాడు. ఏడుపు ఆపుకోలేక ఆ చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు. కారం మంటకు గిలగిల్లాడాడు. మనోజ్ఞ బ్యాగు వదిలేసి పరుగెత్తి, చల్లని నీళ్లతో ఆయన కళ్లు కడిగింది. కళ్లు తేటపడ్డాయి గాని అరచేతిలో ఎరుపు అలాగే ఉంది. ఆయన సబ్బు పెట్టి రుద్దాడు. పోలేదు.

"సబ్బుకు పోదు నాన్నా ఆ రంగు. నూనెకే పోతది," అని, ఆవకాయకు తెచ్చిన నువ్వుల నూనె కాస్త పోసి, గుడ్డతో ఒక్కో వేలూ తుడిచింది. తెల్లగుడ్డ ఎర్రబడింది. ఆయన ఆ గుడ్డ వంకే చూశాడు.

తర్వాత తనే ఫోన్ తీసి భీమక్కకు కలిపాడు.

"పట్టీ మంచిదేనమ్మా. మా సరుకే మంచిది కాదు. నేనే వచ్చి మూటలు తీస్కపోత. నువ్వు ఫోన్ చేసినోళ్లందరికీ ఈ మాట కూడా చెప్పు."

మిల్లు మూసుకోవాల్సిందేనని జయప్రకాశ్ గొణుక్కుంటూ జీపెక్కి వెళ్లిపోయాడు. అతని కోపం ఆ రోజుకు తగ్గలేదు. పాలిపోయిన కారాన్ని పాలిపోయిన కారమనే చెప్పి, తగ్గించి అమ్మితే కొనేవాళ్లు ఉండకపోరని మనోజ్ఞ తండ్రికి చెప్పింది. ఆయన తలూపాడు. బ్యాగు వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. పొమ్మన్న నోటితో ఉండమనడం ఎలాగో ఆయనకు తెలియలేదు.

"ఇగ మిల్లుల రోజూ చూడాలె కదా. నీ పట్టీలు ఎంతకిస్తవ్?" అన్నాడు చివరికి.

"అందరికిచ్చే ధరకే."

"కన్నతండ్రికి గూడనా?"

"కన్నతండ్రికి అసలే తగ్గియ్య."

ఆదెమ్మకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. పైట చెంగుతో ముఖం తుడుచుకుని, బ్యాగు లోపల పెట్టి వచ్చి మెంతులు దంచమని కూతుర్ని కేకేసింది.

— కుంజా ముత్తక్క, వయసు అరవై ఎనిమిది. ఇప్పుడు ఉంటున్నది బూర్గంపాడులో, చిన్నకూతురి ఇంట్లో.