ఒక ఇంటికి ఒకటే మెషీను

కౌశిక్ ఆ పిల్లను మొదటిసారి చూసినప్పుడు కండ్లెంబడి నీళ్లు కారుస్తాండాడు. ప్రేమతో కాదు, మిరపకాయల ఘాటుతో.

ప్రొద్దుటూరులో రైతుల సంత కోసమని గవర్నమెంటు కొత్తగా రేకుల షెడ్డు వేయించింది. సిమెంటు అరుగులు, నీళ్ల కొళాయిలు, కరెంటు త్రాసులు, అన్నీ గ్రాంటు దుడ్లతోనే. ఆదివారం ఆదివారం పండించినోళ్లు, ఇంట్లో తయారు చేసుకున్నోళ్లు నేరుగా తెచ్చి అమ్ముకోవాల. మధ్యలో దళారి ఉండకూడదు. ఇట్లాంటి మాటలు జనం శానా విని ఉండారు. శంకుస్థాపన రాళ్లకు మేకల్ని కట్టేసుకునే ఊర్లు మనవి. అయితే ఈసారి షెడ్డు నిజంగానే లేసింది. కొళాయి తిప్పితే నీళ్లు గూడా వచ్చినాయి.

పులివెందుల నుంచి అరటికాయ చిప్సు వేసేదానికి వచ్చినాడు కౌశిక్. వాళ్ల నాయన సీతాపతి గుళ్లో అర్చకుడు. కొడుకు గంట పట్టుకుంటాడనుకుంటే గరిటె పట్టుకున్నాడు. తొక్క మీద మచ్చ ఉందని ఎక్స్‌పోర్టు వ్యాపారులు వదిలేసిపోయిన గెలలను రైతుల దగ్గర మంచి ధరకు కొని, చేత్తో తరిగి చిప్సు చేస్తాడు.

ఆ పొద్దు ఆయప్ప బాండ్లిలో నూనె కాగబెట్టినాడో లేదో, పక్కనుంచి పొగ వచ్చి మీదపడింది. దగ్గు, తుమ్ము, కన్నీళ్లు, మూడూ ఒక్కసారే.

"ఎవరమ్మా అది? సరుకు అమ్మేదానికి వచ్చినారా, మనుషుల్ని చంపేదానికి వచ్చినారా?"

"మిరపకాయలు వేయిస్తే ఘాటు రాక మల్లెపూల వాసన వస్తాదా?"

ముందు గొంతు వచ్చింది, తర్వాత మనిషి వచ్చింది. ముక్కుకు చున్నీ కట్టుకోని ఉండాది. కండ్లు తప్ప ఏమీ కనపడలేదు. ఆ కండ్లు చాలు, మిగతా మనిషి ఎంత కోపంగా ఉందో చెప్పేదానికి.

"నీ నూనె పొగ నా కారంలో పడుతాంది. నేనేమన్నా అన్నానా?"

"అనేదానికి నువ్వు యాడ కనపడినావు? పొగలో వెతుక్కోవాల్సి వస్తాంది."

"వెతకమని నిన్నెవరు బతిమాలినారు?"

ఇద్దరి మధ్యలో ఖాజీపేట నుంచి పసుపు కొమ్ములు తెచ్చే దిల్షాద్‌బీ కూర్చోని ఉండాది. కొంగుతో ముక్కు మూసుకోని, "మీరిద్దరూ ఇట్లనే అరుచుకుంటాంటే నా పసుపు గూడా ఎర్రగా అయిపోతాది. కొంచేపు నోరు మూసుకోండి నాయనా" అనింది.

ఆ పిల్ల చున్నీ తీసింది. కౌశిక్ నిజంగానే నోరు మూసుకున్నాడు. బాండ్లిలో చిప్సు మాడిపోయినాయి.

ఆమె పేరు నాగశ్రీ, ఊరు జమ్మలమడుగు. వాళ్లమ్మ శాంతకుమారి స్కూలు టీచరు. నాగశ్రీ ఎర్రకారం, నల్లకారం, శనక్కాయల పొడి చేస్తాది. ప్రొద్దుటూరులో దోసెల హోటళ్లోళ్లు ఒకసారి ఆ ఎర్రకారం రుచి చూసి, ఎంత తెచ్చినా తీసుకుంటామన్నారు. తెచ్చేది ఎట్ల? సొంత మిల్లు లేదు. ఊర్లో పిండిమర ఆయన పొద్దుననుంచి అందరి బియ్యం, రాగులు ఆడించినాక, చివరాఖరున ఈమె మిరపకాయలు పోస్తాడు. ముందు పోస్తే అందరి పిండీ కారమవుతాదని. అందులో తప్పేమీ లేదు. కానీ రోజంతా మూట మీద కూర్చోని, "ఇంకా ఉండు పాపా, ఇంకా ఉండు" అనిపించుకునే మనిషికి తెలుస్తాది సొంత మెషీను అంటే ఏందో.

ఆ మెషీను కోసమే నాగశ్రీ సబ్సిడీ లోనుకు పెట్టుకునింది. చిప్సు తరిగే మిషనుకూ, వేయించే మిషనుకూ కౌశిక్ గూడా పెట్టుకున్నాడు. ఇద్దరి చేతా పెట్టించింది ఇష్రత్ మేడం. ఇట్లాంటి చిన్న వ్యాపారాలోళ్లకు దారి చూపించేదానికి ఆమెను పెట్టినారు. పాత స్కూటీ వేసుకోని పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు తిరుగుతానే ఉంటాది. ఏ ఆఫీసులో ఏ సారు భోజనానికి పోయి ఎప్పుడొస్తాడో గూడా ఆమెకు తెలుసు.

ఆదివారాలు గడిచేకొద్దీ కొట్లాట రుచిగా తయారయింది.

"ఏమప్పా, ఈ పొద్దు ఏడవలేదు?"

"అలవాటైపోయింది. నువ్వు మిరపకాయలు వేయించకపోతేనే ఏడుపొస్తాది."

"డైలాగులు బాగుండాయి. చిప్సులోనే ఉప్పు లేదు."

"నీ కారం కొంచెం చల్లు మరి."

ఊరికే అన్నాడు. ఆమె నిజంగానే చల్లింది. మధ్యాహ్నానికి కారం చిప్సు ఒక్కటి గూడా మిగల్లేదు. ఇద్దరూ ఖాళీ డబ్బా వైపు చూసినారు. తర్వాత ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు. డబ్బా వైపు చూసినంత సేపే చూసుకోని ఉంటే బాగుండేది. కొంచెం ఎక్కువసేపు చూసుకున్నారు.

కార్తీకంలో వాన పట్టుకునింది. రేకుల మీద వాన పడితే షెడ్డులో పక్కోడి మాట పక్కోడికి వినపడదు. ఆ ధైర్యంతోనే కౌశిక్ నోరు తెరిచినాడు.

"నాగశ్రీ, నువ్వంటే నాకు శానా ఇష్టం!"

"ఏందీ?" అని చెవి దగ్గర చెయ్యి పెట్టుకునింది ఆమె. "చిల్లర లేదు నా దగ్గర!"

"చిల్లర కాదు! ఇష్టం!"

"ఏమంటాండాడు అత్తా ఈయప్ప?" అని దిల్షాద్‌బీని అడిగింది.

దిల్షాద్‌బీ పసుపు కొమ్ముల మీద పట్ట సర్దుకుంటా, "నువ్వంటే ఇష్టమంట. నిన్ను చేసుకుంటాడంట" అని నాగశ్రీ చెవిలో అరిచింది. చేసుకుంటానని కౌశిక్ అనలేదు. ఆ ముక్క ఆమె సొంతంగా కలిపింది.

నాగశ్రీ వాన వైపు చూసింది. తడిసిన చున్నీ పిండుకున్నట్ల చేసింది. "ముందు మాడకుండా చిప్సు వేయించేది నేర్చుకోమను" అనింది.

దిల్షాద్‌బీ కౌశిక్ వైపు తిరిగి, "సరే అంటాంది నాయనా" అని చెప్పింది.

పెద్దోళ్లకు తెలిసినాక ఏ గొడవా కాలేదు. అదే విచిత్రం. సీతాపతి జమ్మలమడుగు పోయి శాంతకుమారమ్మ ఇంట్లో కాఫీ తాగి, పంచాంగం తీసి, మాఘమాసంలో ముహూర్తం పెట్టుకోనే లేసినాడు. తన కొడుక్కు తన చేతులతో ముహూర్తం పెట్టుకునే భాగ్యం ఎంతమందికి వస్తాది? ఆ సంబరంలో శుభలేఖలు తొందరగా అచ్చేయించినాడు. మొదటిది దేవుడి ముందర పెట్టినాడు. రెండోది జమ్మలమడుగులో బ్యాంకు మేనేజరుకు ఇచ్చి వచ్చినాడు.

ఆ మరుసటి ఆదివారం నాగశ్రీ కౌశిక్ పక్కన కూర్చోలేదు. ఆకుకూరల గురవమ్మతో చోటు మార్చుకోని షెడ్డు ఆ చివర కూర్చునింది. కౌశిక్ పరిగెత్తినట్ల పోయినాడు.

"ఏమైంది?"

"నీకు తెల్దా?"

"ఏంది తెలిసేది?"

"ఈ లోను కింద ఒక ఇంటికి ఒక యూనిట్టే ఇస్తారంట. మొగుడూ పెండ్లాం ఒక ఇంటి కింద లెక్కంట. నీది సాంక్షన్ అయింది. నాది ఇంకా మేనేజరు టేబుల్ మీదనే ఉండాది. మీ నాయన పోయి శుభలేఖ ఇచ్చి వచ్చినాడు. ఆయప్ప నన్ను పిలిచి, 'చూడండమ్మా, పెళ్లవుతోందిగా, మీవారికి వచ్చిందిగా, ఇక మీకెందుకు' అన్నాడు."

"మా నాయనకు ఈ రూలు తెల్దు నాగశ్రీ. నాకూ తెల్దు."

"తెల్దో, తెలిసే పంపించినావో. నీ మెషీను వచ్చె, నేను వచ్చి నీ చిప్సుకు కారం చల్లుకుంటా ఉంటే సరిపోతాది గదా! మూట మీద కూర్చున్నా నేను. నాలుగేండ్లు. ఈ పెండ్లి కోసం ఇంకా కూర్చోమంటావా?"

ఈసారి ఎవరూ మిరపకాయలు వేయించలేదు. అయినా కౌశిక్ కండ్లు మండినాయి.

ఇంటికి పోయి నాయనను అడిగినాడు. "మేనేజరుకు ఎందుకిచ్చినావు నాయనా?"

సీతాపతి అర్థం కానట్ల చూసినాడు. "మన ఇంటికి వచ్చే పిల్ల ఎంత పనిమంతురాలో ఆయనకు తెలియాల గదరా. ఫలానా నాగశ్రీ మా కోడలు, మీరే చల్లగా చూడాల అని చెప్పి వచ్చినా." కొడుకు విషయం చెప్పినాక పెద్దాయన మంచం మీద కూలబడినాడు. ఎన్నో వందల పెండ్లిళ్లు చేసిన మనిషి, తన ఇంటి పెండ్లికే అడ్డం పడితినే అని గొణుక్కున్నాడు. "పెండ్లి వెనక్కి జరుపుదాం అంటే మాఘం దాటితే మూఢం వస్తాది. అయినా పర్వాలేదు లేరా, జరుపుదాం."

"వద్దు నాయనా. ముహూర్తం అట్లనే ఉండనీ."

సోమవారం కౌశిక్ పులివెందుల బ్యాంకుకు పోయి, సాంక్షన్ అయిన తన లోను వద్దని సంతకం పెట్టి వచ్చినాడు. ఇష్రత్ మేడం ఫోను చేసి దులిపేసింది.

"పిచ్చి పట్టిందా నీకు? దాని కోసం నా స్కూటీ టైర్లు అరిగిపోయినాయి!"

"తెలుసు మేడం. మీరు చేసినదానికి చేతులెత్తి దండం పెడతా. కానీ ఒక ఇంటికి ఒకటే అయితే, ఆ ఒకటి ఆమెదే కావాల. నాకు కత్తిపీట ఉండాది, చేతులుండాయి. ఆమెకు మిల్లు లేకపోతే ఏమీ లేదు. ఈ మాట మాత్రం ఆమెకు చెప్పద్దండి."

"చెప్పనులే" అనింది ఇష్రత్ మేడం. ఫోను పెట్టేసి వెంటనే నాగశ్రీకి చెప్పింది.

బుధవారం పెరట్లో కూర్చోని అరటికాయలు ఒలుస్తాండాడు కౌశిక్. సొన అంటి చేతులు నల్లగా ఉండాయి. ఎదురుగా చెప్పుల చప్పుడైంది. తలెత్తితే నాగశ్రీ, ముద్దనూరు మీదుగా బస్సు మారి వచ్చిన దుమ్ముతో నిలబడి ఉండాది.

"ఎవరు అడిగినారు నిన్ను?"

"ఎవరూ అడగలేదు."

"మరి ఎందుకు వదులుకున్నావు?"

"నువ్వు మూట మీద కూర్చున్నావని చెప్పినావు గదా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు."

నాగశ్రీ ఏదో తిట్టాలని వచ్చింది. బస్సులో అన్నీ తయారుగా పెట్టుకునింది గూడా. ఒక్కటీ బయటికి రాలేదు. పక్కనే ఉన్న పీట లాక్కోని కూర్చునింది.

"నిన్ను అనరాని మాట అన్నాను. మనసులో పెట్టుకోవాకు."

"పెట్టుకోలే."

"అంత తొందరగా అనొద్దు, కొంచెం బెట్టు చెయ్. లేకుంటే నాకు ఇంకా సిగ్గుగా ఉంటాది."

కౌశిక్ నవ్వినాడు. ఆమె ఒక కాయ తీసుకోని ఒలవడం మొదలుపెట్టింది. తొక్కలో సగం కాయ పోయింది.

"ఇష్రత్ మేడం ఒక దారి చెప్పింది. ఒక ఇంటికి ఒక యూనిట్టు అన్నారు గానీ, ఆ యూనిట్టులో ఒకటే మెషీను ఉండాలని యాడా లేదంట. నాది ఇంకా సాంక్షన్ కాలేదు గాబట్టి మార్చుకోవచ్చంట. కారం మిల్లూ, చిప్సు మిషన్లూ కలిపి పెడితే పనైపోతాది. నీది వదిలేసినావు గాబట్టే అవుతాదంట, లేకుంటే ఇరుక్కునేవాళ్లం. నిన్న మేనేజరు దగ్గరికి పోయి అడిగినా. ఆయన రూలు పుస్తకమంతా తిరగేసి, 'నిజమేనమ్మా, నేను ఇట్లా ఆలోచించలేదు, మార్చి తీసుకురండి' అన్నాడు. మంచోడే ఆయప్ప. ఊరికే తిట్టుకున్నా."

"అయితే ఓనరు?"

"నేను. ఇద్దరి పేర్లూ ఉంటాయి, నా పేరు ముందు." కాయ పక్కన పెట్టి, కౌశిక్ మొఖం వైపు చూడకుండానే అడిగింది. "వస్తావా నా దగ్గరికి?"

"పనికా, కాపురానికా?"

"రెండిటికీ. ఒక దానికే వస్తానంటే అవసరం లేదు, పో."

వాకిలి దగ్గర ఎప్పుడొచ్చి నిలబడినాడో సీతాపతి, కండ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకుంటాండాడు. "అమ్మా, బస్సు దిగి వచ్చినావు, మంచినీళ్లయినా ఇచ్చినాడా వీడు?" అని లోపలికి పోయినాడు.

మాఘానికి ముందే మెషీన్లు వచ్చినాయి. ఇట్లాంటివి చెప్పిన టైముకు రావడం అనేది ఈ కథలో నమ్మలేని సంగతి, అయినా వచ్చినాయి. జమ్మలమడుగులో అద్దెకు తీసుకున్న గదిలో ఒక పక్క కారం మిల్లు, ఒక పక్క చిప్సు మిషన్లు. మొదలుపెట్టే పొద్దు దిల్షాద్‌బీ పసుపు తెచ్చింది. గురవమ్మ మామిడాకులు తెచ్చింది. ఇష్రత్ మేడం స్కూటీ బయట పెట్టి ఎండకు పట్టిన చెమట తుడుచుకుంటా వచ్చింది. బ్యాంకు మేనేజరు చెప్పులు విడిచి ఒక మూల నిలబడినాడు. మేడం ఆ స్కూటీ మీద తిరగకపోయినా, మేనేజరు ఆ రూలు పుస్తకం తిరగేయకపోయినా ఈ గదిలో ఇంత మంది ఉండరని కౌశిక్‌కు అనిపించింది. నోటితో చెప్తే ఏడుపొస్తాదని మజ్జిగ గ్లాసులు మాత్రం అందించినాడు.

సీతాపతి కలశం పెట్టి, అలవాటుగా గొంతు సవరించుకోని పిలిచినాడు. "యజమాని వచ్చి పీట మీద కూర్చోవాల."

అందరూ కౌశిక్ వైపు చూసినారు. మగోడు గదా, పీట ఆయనదే గదా. కౌశిక్ కదల్లేదు. మజ్జిగ చెంబు పట్టుకోని అట్లనే నిలబడినాడు.

ఇన్నేండ్లలో ఆ పీట మీదికి సీతాపతి మగోళ్లనే పిలిచినాడు. చేతిలో అక్షింతలు అటు ఇటు సర్దుకున్నాడు. పీట తన చేతులతోనే తుడిచి, కొంచెం ముందుకు జరిపినాడు.

"రా అమ్మా. నువ్వు గదా యజమానివి" అన్నాడు.

నాగశ్రీ వచ్చి పీట మీద కూర్చునింది. వెనక శాంతకుమారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. సీతాపతి సంకల్పం మొదలుపెట్టి, ఆ పిల్ల పేరు గది అంతా వినపడేటట్ల గట్టిగా చదివినాడు.