రెండు మెట్ల నడుమ

మూడు రోజులుగా ఆ ఇంట్లో పొద్దున పాట లేదు. ఖటోదరా మరమగ్గాల మిల్లులో రాత్రి పాళీ దిగి నవాగామ్ ఇంటికి రాగానే, నెత్తిన చెంబుతో నీళ్లు పోసుకుంటూ గొంతెత్తడం సోమలింగానికి పాతికేళ్ల అలవాటు. ఇప్పుడు గప్‌చుప్‌గా స్నానం చేసి, గప్‌చుప్‌గా చాయ్ తాగుతున్నాడు.

ఆ నోరు మూయించింది తానేనని కూతురు సుమనకు తెలుసు. భజన మండలిలో కీబోర్డు వాయించేది ఆమే. ఆదివారం అందరి ముందూ, "బాపూ, ఆ ఒక్కతాన స్వరం తప్పుతున్నవ్, కీబోర్డుకు కలుస్తలేదు" అనేసింది. మండలి పెద్ద రాజలింగం అదే సందని, "మగ్గం సాంచల మోతకు చెవులు పోయినయేమో సోమన్నా! మార్కండేయ జయంతికి వేరేటోళ్లు పాడుతరు తియ్" అన్నాడు.

"కాలు జారితె తీసుకోవచ్చు, నోరు జారితె తీసుకుంటమా?" రొట్టెలు కాలుస్తున్న తల్లి కొమురవ్వ విరుచుకుపడింది. "మీ బాపుకు ఉన్నదే గా పాటొక్కటి!"

"బిడ్డ నిజమే చెప్పింది," సోమలింగం తలెత్తలేదు. "చెవులు పోయినోనికి పాటెందుకు? ఇగ రానని చెప్పుండ్రి."

 సుమన ఏడుస్తూ కూర్చునే రకం కాదు. తానన్నది నిజమో కాదో ఇవాళే తేల్చాలనుకుంది. కాలేజీ ఎగ్గొట్టి, ఏడేళ్ల కిందట ఫోన్లో పట్టిన బాపు పాటనూ మొన్న ఆదివారం పట్టిన పాటనూ లాప్‌టాప్‌లో కొలిచింది. రెండింట్లోనూ ఆ స్వరం ఒక్కచోటే నిలిచింది. తప్పేవాడు ఏడేళ్లూ ఒకే తీరుగా తప్పుతాడా? అది తెల్లమెట్టుకూ పక్కనున్న నల్లమెట్టుకూ నడుమ ఉంది. అక్కడ కీబోర్డుకు మెట్టే లేదు!

శాంప్లర్ సాఫ్ట్‌వేర్లో ఆమె హార్మోనియం ధ్వనులు ఎక్కించి పెట్టుకుంది. అందులో ఏ మెట్టు స్వరాన్నయినా వెంట్రుకవాసి దించవచ్చు. దించింది, కుదరలేదు, మళ్లీ దించింది. మధ్యాహ్నం దాకా కుర్చీ దిగలేదు.

నిద్ర లేచిన తండ్రిని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "జర విను బాపూ."

"నాకేం ఇనబడ్తది బిడ్డా..."

"ఇనబడ్డదే చెప్పు."

లాప్‌టాప్‌కు తగిలించిన కీబోర్డు మీద ఆ మెట్టు నొక్కింది. సోమలింగం తల అడ్డంగా ఊపాడు. "కిందికి. ఇంక జర... ఆఁ, గీడనే!"

తన మనసు నొప్పించలేక అన్నాడేమోనని సుమనకు అనుమానం. చెప్పకుండా ఆ స్వరాన్ని రవ్వంత పైకి జరిపి నొక్కింది. ఆమె చెవికి తేడా తెలియలేదు. తెర మీద అంకె మాత్రమే మారింది.

"ఏందే, మల్ల ఎక్కించినవ్?" అన్నాడు సోమలింగం వెంటనే.

సుమన కళ్ల నిండా నీళ్లు. "ఎక్కించిన బాపూ! నాకే ఇనబడలే, నీకు ఇనబడ్డది."

సోమలింగం రెండు చెవులూ చేతులతో తడుముకున్నాడు. "అయితె నా చెవులు మంచిగనే ఉన్నయా బిడ్డా?" అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కొమురవ్వ పరుగున వచ్చి పక్కన కూలబడింది.

సుమన అప్పుడే రాజలింగానికి ఫోన్ చేసింది. "మామా, జయంతికి మా బాపే పాడుతడు. కీబోర్డే ఆయనకు కలుస్తది. తప్పింది నేనని ఆదివారం అందరి ముందర నేనే చెప్త."